నీ కథలో సర్కారీ వకీలు ఏడీ?

తమ్ముడూ,

నీ కథ అందింది. కొడుకును చూడటానికి సిరొంచలో తెల్లవారుజామున ఎస్టీ (మహారాష్ట్ర సర్కారు) బస్సెక్కి గడ్చిరోలి కోర్టుకు పోయే ఆ తల్లిని చాలా బాగా రాశావు. ఆలాపల్లిలో బస్సు ఆగినప్పుడు అందరూ దిగుతారు, ఆమె మాత్రం సద్దిమూట ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంటుంది. ఇది చూసినవాడే రాయగలడు. గని వద్దని ధర్నాలో కూర్చున్నందుకు ఉపా (యూఏపీఏ) అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద జైలుకు పోయిన ఆ కుర్రాడి గురించి చదువుతుంటే గుండె బరువెక్కింది.

అయినా ఈ కథను ఇప్పుడే పత్రికకు పంపకు. ఇందులో పోలీసు కొడతాడు, జడ్జి జామీను ఇవ్వడు. ఆ ఇద్దరి మధ్యా ఉండాల్సిన మనిషి లేడు. ప్రతి తారీఖుకూ లేచి నిలబడి, ఈ పిల్లవాణ్ణి లోపలే ఉంచాలని అడిగే సర్కారీ వకీలు. నువ్వొక్కడివే కాదు, మన భాషలో జైలు కథలు రాసేవాళ్లు చాలామంది ఆయన్ని వదిలేస్తారు. లాఠీ కంటికి కనబడుతుంది, ఆయన చేసేదంతా కాగితం మీద జరుగుతుంది.

అరెస్టు తర్వాత మూడు నెలలను నువ్వు 'రోజులు గడిచాయి' అనే ఒక్క మాటలో దాటేశావు. నీ అసలు కథ ఆ మూడు నెలల్లోనే ఉంది. ఉపా కేసులో 90 రోజుల్లోపు చార్జిషీట్ వేయకపోతే నిందితుడికి జామీను హక్కు వస్తుంది. ఆ గడువును 180 రోజుల దాకా పొడిగించాలంటే చట్టం పోలీసు మాటతో సరిపెట్టుకోదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ఆ సర్కారీ వకీలు, రిపోర్టు కావాలంటుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, ఈ మనిషిని ఇంకా ఎందుకు లోపల ఉంచాలో ఆయన కారణాలతో రాయాలి. ఉపాకు ముందు వాడిన ఉగ్రవాద నిరోధక చట్టం టాడాలో ఇలాంటి నిబంధన మీదే సుప్రీంకోర్టు 1994లో, హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో స్పష్టంగా చెప్పింది: ప్రాసిక్యూటర్ పోలీసు శాఖలో భాగం కాదు, వాళ్లిచ్చింది అందించే పోస్టాఫీసూ కాదు, ఆయన తన బుద్ధితో ఆలోచించి రాయాలి. అది మన మహారాష్ట్ర కేసే.

అంటే నీ కథలో ఒక సాయంత్రం ఒక వకీలు టేబుల్ మీదికి ఒక ఫైలు వస్తుంది. అది చదివి, ఇందులో ఏమీ లేదు, నేను రాయను అని ఆయన అనగలడు. చదవకుండా సంతకమూ పెట్టగలడు. ఆ సాయంత్రాన్ని రాయి. రెండు పేజీలు తీసుకున్నా పరవాలేదు.

మన పక్కనే నడిచిన కేసు ఒకటి చూడు. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ 2013 ఆగస్టులో మహేశ్ తిర్కీ, పాండు నరోటే అనే ఇద్దరు ఆదివాసీ యువకులను, జేఎన్‌యూ విద్యార్థి హేమ్ మిశ్రాను అహేరిలో అరెస్టు చేశామన్నారు పోలీసులు. హేమ్ మాత్రం తనను బల్లార్షా స్టేషన్లోనే పట్టుకున్నారన్నాడు. తర్వాత అదే కేసులో మన తెలుగువాడు, ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాయిబాబానూ చేర్చారు. ఉపా కేసును కోర్టు స్వీకరించే ముందే సర్కారు అనుమతి ఉండాలి. సాయిబాబా విషయంలో ఆ అనుమతి విచారణ మొదలయ్యాక వచ్చింది. ఆ లోపాన్ని ముందుగా చూసి ఆపాల్సింది ప్రాసిక్యూషనే. ఆపలేదు. 2017 మార్చిలో గడ్చిరోలి సెషన్స్ కోర్టు ఐదుగురికి యావజ్జీవం, ఒకరికి పదేళ్లు వేసింది.

2022 అక్టోబర్ 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఆ అనుమతుల లోపాల మీదే అందరినీ విడుదల చేయమంది. ఆ మాట వినడానికి పాండు లేడు. అంతకు ముందు ఆగస్టులోనే ఖైదీగా చనిపోయాడు, 33 ఏళ్లకు. సర్కారు వెంటనే సుప్రీంకోర్టుకు పోయింది. మర్నాడు శనివారమైనా ప్రత్యేకంగా బెంచ్ కూర్చుని తీర్పును నిలిపేసింది. చక్రాల కుర్చీలో ఉన్న సాయిబాబాను కనీసం ఇంట్లో నిర్బంధించమని ఆయన వకీలు వేడుకుంటే ప్రభుత్వ వకీలు దానికీ అడ్డు చెప్పారు. సుప్రీంకోర్టు కేసును తిరిగి పంపాక, 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ విచారించి అందరినీ నిర్దోషులంది. ఆ ఏడాది అక్టోబర్‌లోనే సాయిబాబా పోయారు. ఆ శనివారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆ కోపాన్ని నీ కథలో అరుపుగా పెట్టకు. తేదీలు ఒకదాని పక్కన ఒకటి పెట్టు, చాలు.

ఇక ఆ వకీలును రాక్షసుణ్ణి చేయకు. స్పెషల్ ప్రాసిక్యూటర్‌ను నియమించేది సర్కారు, తీసేసేదీ సర్కారే. ఒత్తిడి ఎటువైపు నుంచైనా రావచ్చు. 2008 మాలెగావ్ పేలుళ్ల కేసులో ప్రాసిక్యూటర్ రోహిణీ సాలియాన్, నిందితుల పట్ల మెత్తగా ఉండమని కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ అధికారి తనతో అన్నారని 2015లో బయటికి చెప్పారు. ఎన్ఐఏ కాదంది. అలా నోరు తెరిచేవాళ్లు అరుదు. నీ వకీలుకు భయం ఉండనీ, పిల్లల ఫీజులు ఉండనీ, జడ్జి కావాలన్న ఆశ ఉండనీ. ఆయన చట్టం తెలిసినవాడని మాత్రం పాఠకుడు మర్చిపోకూడదు. కేసులో పస లేదనిపిస్తే కోర్టు అనుమతితో దాన్ని వెనక్కి తీసుకునే అధికారం కూడా ఆయనకు ఉంది.

కుర్రాడి గురించీ ఒక మాట. అతన్ని మరీ మంచివాణ్ణి చేశావు. కోపిష్టి అయినా, ధర్నాలో ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టినా, అతన్ని అన్ని నెలలు జైల్లో పెట్టడం తప్పే. ఆ ధైర్యంతో రాయి.

కోర్టుకు వెళ్లి కూర్చో. మామూలు కేసుల్లో వాదనలు ఎవరైనా వినొచ్చు. రిమాండ్ పొడిగింపు ఎన్ని నిమిషాల్లో అయిపోతుందో చూడు. అతని వకీలు ఒప్పుకుంటే ఆ దరఖాస్తు చదువు. నీకు మరాఠీ బాగా వచ్చు కదా. కిందటిసారి దరఖాస్తులోని వాక్యాలే ఈసారీ కనిపిస్తే వాటిని ఉన్నదున్నట్టు తెలుగు చేసి కథలో పెట్టు. తల్లికి వచ్చిన మరాఠీ సంతకు సరిపోయేంతే. తన కొడుకు గురించి ఆ నల్లకోటు మనిషి ఏమన్నాడో పక్కనున్న కానిస్టేబుల్‌ను అడగనీ. అతను ఏం చెబుతాడో నువ్వే ఆలోచించు.

నువ్వు రాసింది ఎవరి బతుకో మన ఊళ్లలో ఇట్టే పోల్చుకుంటారు. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరూ పేర్లూ మార్చు, కుర్రాడు చేసిన పనులూ కొన్ని మార్చు. తిరగరాశాక ముందు అతని వకీలుకు చూపించు. తర్వాత ఆ తల్లికి చదివి వినిపించు. ఆమె ఏదైనా వద్దంటే కారణం అడగకుండా తీసెయ్. అప్పుడు నాకు పంపు.

నీ అన్న,
బల్లార్షా