ఎగుమతి పార్సిల్‌పై ‘గిఫ్ట్’ అని రాయవచ్చా?

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. విదేశీ ఆర్డర్లను ఇన్నాళ్లూ ‘గిఫ్ట్’ అని రాసి స్పీడ్‌పోస్టులో పంపాం. పద్ధతి ప్రకారం పంపాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

జవాబు: ముందు ఆ ‘గిఫ్ట్’ మానేయండి. డబ్బు తీసుకుని పంపే సరుకును కానుకగా చూపడం తప్పుడు డిక్లరేషనే. పైగా ఎగుమతి చేసినట్టు మీ దగ్గర రుజువు ఉండదు. జీఎస్టీ రీఫండ్ అడగలేరు, ఖాతాలో పడ్డ డాలర్లు దేనివంటే బ్యాంకుకు చెప్పలేరు.

డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) వెబ్‌సైట్‌లో ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతిదారుల కోడ్ తీసుకోండి. ఫీజు 500 రూపాయలు, మీ పాన్ నంబరే కోడ్. మార్పులేమీ లేకపోయినా ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలు ధ్రువీకరించాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. కోడ్ నిలిచిపోయిన సంగతి పార్సిల్ ఆగాక గానీ తెలియదు. తర్వాత జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం ద్వారా ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) వేయండి. ఇది ఆ ఆర్థిక సంవత్సరానికే పనికొస్తుంది. ఎల్‌యూటీ ఉంటే ఐజీఎస్టీ (ఎగుమతులకూ వర్తించే ఇంటిగ్రేటెడ్ జీఎస్టీ) ముందుగా కట్టి రీఫండ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. అయితే ఇన్‌వాయిస్ తేదీ నుంచి 3 నెలల్లో సరుకు దేశం దాటాలి.

ఇక తపాలా శాఖ ఎగుమతి సేవ అయిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్ర పోర్టల్‌లో ఐఈసీతో రిజిస్టరై, పార్సిల్ వివరాలతో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ (పోస్టు ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే డిక్లరేషన్) నింపండి. లేబుల్ ప్రింట్ తీసి అంటించి, ఆ సదుపాయం ఉన్న పోస్టాఫీసులో ఇస్తే చాలు. కస్టమ్స్ తనిఖీ ఫారిన్ పోస్టాఫీసులో జరుగుతుంది, మీరు వెళ్లే పని లేదు. బిల్లులోని ఇన్‌వాయిస్ నంబరు, విలువ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే సంఖ్య) మీ ఇన్‌వాయిస్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

ఆ కోడ్ దగ్గరే తికమక. పిల్లలు ఆడుకునే బొమ్మ 9503 కిందికి, అలంకరణకు పెట్టుకునే చెక్క బొమ్మ 4420 కిందికి వస్తుంది. లిస్టింగ్‌లో ‘పిల్లల బొమ్మ’ అని రాసి, బిల్లులో అలంకరణ కోడ్ వేస్తే అడిగేవాళ్లు అడుగుతారు. అమెరికాలో 12 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లల బొమ్మలకు ల్యాబ్ పరీక్ష, సర్టిఫికెట్ అవసరం. అవి లేకపోతే ఆ మార్కెట్‌కు బొంగరాలు, గిలకలు పంపకపోవడమే మేలు.

ప్రశ్న: ఇన్‌వాయిస్ 60 డాలర్లు, ఖాతాలో పడింది 49. బిల్లులో ఏది రాయాలి?

జవాబు: 60 రాయండి. మిగతా 11 డాలర్లు మార్కెట్‌ప్లేస్ కమీషన్, పేమెంట్ గేట్‌వే చార్జీలని చూపే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌ను నెలనెలా డౌన్‌లోడ్ చేసుకోండి. డబ్బు ‘వస్తువుల ఎగుమతి’ పర్పస్ కోడ్‌తోనే (విదేశీ డబ్బు దేనికి వచ్చిందో బ్యాంకు నమోదు చేసే కోడ్) రావాలి. సేవల కోడ్‌తో పడితే వెంటనే బ్యాంకుకు రాసి మార్పించండి, ఏడాది చివర్లో అది పెద్ద తలనొప్పి.

ప్రశ్న: అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం లేదంటారు, నిజమేనా?

జవాబు: 2025 ఆగస్టు 29తో ఆ మినహాయింపు పోయింది. ఇప్పుడు పోస్టులో పంపితే సుంకాన్ని ఇక్కడ బుకింగ్‌లోనే కడతారు. రేటు మారుతుంటుంది కాబట్టి బుకింగ్ రోజున చూసుకుని, ఆ మొత్తాన్ని ధరలో కలపండి.