టెక్ సందేహాలు: పైన ఇచ్చిన విలువ ఫంక్షన్‌లోకి వెళ్లేసరికి ఏమైపోయింది?

ఈ వారం ఫోన్ వేడెక్కుతోందనీ, వాట్సాప్ బ్యాకప్ రావడం లేదనీ రాసినవాళ్లు తక్కువ. ల్యాబ్ ఎగ్జామ్స్ దగ్గర పడ్డట్టున్నాయి, వచ్చిన ప్రశ్నలన్నీ పైథాన్ ఫంక్షన్ల మీదే. అందుకే కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేశా. కోడ్‌ను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే వేస్తున్నాం. డెఫ్, ప్రింట్, రిటర్న్ లాంటి మాటల్ని మీ కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

టిఫిన్ సెంటర్ బిల్లు వేసే చిన్న ప్రోగ్రాం రాశాను సార్. పైన ‘మొత్తం’ సున్నా పెట్టాను. ఫంక్షన్‌లో దాన్ని ప్రింట్ చేస్తే బాగానే వస్తోంది. కింద ఇంకో లైన్ చేర్చి దానికి ధర కలిపితే అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వస్తోంది. విచిత్రం ఏంటంటే, ఎర్రర్ నేను చేర్చిన లైన్ మీద కాదు, అంతకుముందు పనిచేసిన ప్రింట్ లైన్ మీద చూపిస్తోంది!
– బీటెక్ మొదటి ఏడాది విద్యార్థిని, కాకినాడ

మీరు పంపిన కోడ్‌ను కుదిస్తే ఇంతే:

మొత్తం = 0

డెఫ్ కలుపు(ధర):
    ప్రింట్(మొత్తం)
    మొత్తం = మొత్తం + ధర

కలుపు(40)

మీరు విచిత్రం అన్న దాంట్లోనే జవాబు ఉంది. పైథాన్ లైన్ తర్వాత లైన్ చదువుకుంటూ పోతుందని మనకు క్లాసులో చెబుతారు. నడిపేటప్పుడు అది నిజమే. కానీ నడపడానికి ముందే ఫంక్షన్ మొత్తాన్ని ఒకసారి చదివి బైట్‌కోడ్‌గా, అంటే తాను నడపగలిగే చిన్న చిన్న ఆదేశాలుగా మార్చుకుంటుంది. ఏ పేరు ఎవరిదో అప్పుడే తేల్చేస్తుంది. ఫంక్షన్ లోపల ఎక్కడైనా సరే ఒక పేరుకు విలువ ఇచ్చే లైన్ కనిపించిందంటే, ఆ పేరు ఆ ఫంక్షన్ సొంతం, అంటే లోకల్. ఆ లైన్ నుంచి కిందికే కాదు, మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా లోకలే.

అందుకే మీ ప్రింట్ లైన్ దగ్గర పైథాన్ లోపలి ‘మొత్తం’ కోసం వెతికింది. దానికి ఇంకా విలువ రాలేదు. బయట అదే పేరుతో సున్నా ఉంది కదా అంటే, అటు చూడనే చూడదు. ఆ చివరి లైన్ తీసేసి నడపండి, అదే ప్రింట్ మళ్లీ సున్నా చూపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఆ బైట్‌కోడ్‌ను చూపించే డిస్ అనే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసుకుని, డిస్.డిస్(కలుపు) అని కొట్టి చూడండి. చివరి లైన్ ఉన్నప్పుడు ‘మొత్తం’ పక్కన లోడ్ ఫాస్ట్ అని మొదలయ్యే మాట ఉంటుంది. తీసేశాక అక్కడే లోడ్ గ్లోబల్ కనిపిస్తుంది. ఎప్పటికీ నిజం కాని ఇఫ్ కింద దాచిపెట్టి విలువ ఇచ్చినా ఇదే జరుగుతుంది. ఆ లైన్ నడవాల్సిన పని లేదు, ఉంటే చాలు. ఈ లెక్కలో ప్లస్ ఈక్వల్స్ (+=) కూడా విలువ ఇచ్చినట్టే. ఫర్ లూప్‌లో వాడిన పేరూ, ఫంక్షన్ లోపల చేసిన ఇంపోర్టూ అంతే.

ఎర్రర్‌లోని మాటలు పైథాన్ 3.11 వెర్షన్ నుంచి కాస్త మారాయి. అంతకుముందు లోకల్ వేరియబుల్‌ను విలువ ఇవ్వకముందే వాడారు అనేది. ఇప్పుడు లోకల్ వేరియబుల్‌కు విలువేదీ లేదు కాబట్టి అందుకోలేకపోతున్నా అంటోంది. మీ రికార్డులో ఒకటి, స్క్రీన్ మీద మరొకటి కనిపిస్తే కంగారు పడకండి, తప్పు ఒకటే.

ఇక పరిష్కారం. ఫంక్షన్ మొదట్లో ‘గ్లోబల్ మొత్తం’ అని రాస్తే ఎర్రర్ పోతుంది. మీ లెక్చరర్ కూడా అదే చెప్పి ఉంటారు. నేనైతే వద్దంటాను. ప్రోగ్రాం రెండు పేజీలు దాటాక బిల్లు తప్పు వచ్చిందనుకోండి, ఏ ఫంక్షన్ దాన్ని మార్చిందో పట్టుకోవడానికి అన్నీ వెతకాలి. ఇలా రాయండి:

డెఫ్ కలుపు(మొత్తం, ధర):
    రిటర్న్ మొత్తం + ధర

మొత్తం = కలుపు(మొత్తం, 40)

చివరి లైన్‌లో ఎడమవైపు ‘మొత్తం =’ మర్చిపోవద్దు. అది లేకుండా ఉత్తినే కలుపు(మొత్తం, 40) అంటే పైథాన్ 40 కలుపుతుంది, జవాబు తిరిగి ఇస్తుంది, తీసుకునేవాళ్లు లేక అది పోతుంది. ఎర్రర్ కూడా రాదు.

మీ ఫ్రెండ్ గ్లోబల్ అనకుండానే బయటి లిస్టులో అపెండ్ చేస్తే ఎలా పనిచేసిందని చివర్లో అడిగారు. అపెండ్ ఆ పేరుకు కొత్త విలువ ఇవ్వదు, ఉన్న లిస్టులోనే ఒకటి చేరుస్తుంది. కాబట్టి పేరు బయటిదిగానే ఉండిపోయింది. అదే ఫ్రెండ్‌ను ఆ లిస్టుకు ప్లస్ ఈక్వల్స్‌తో కలపమనండి, మీకొచ్చిన ఎర్రరే వస్తుంది.

గూగుల్ కొలాబ్ నోట్‌బుక్‌లో నిన్నటి దాకా పనిచేసిన సమ్ ఫంక్షన్ ఇవాళ ‘ఇంట్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ కాలబుల్’ అంటోంది. అనుమానం వచ్చిన లైన్ తీసేసినా అదే ఎర్రర్.
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

ఎక్కడో ఒక సెల్‌లో సమ్ = 0 అని రాసి ఉంటారు. ఒక పేరు కనబడితే పైథాన్ ముందు ఆ ఫంక్షన్ లోపల, తర్వాత దాన్ని చుట్టి ఉన్న ఫంక్షన్‌లో, ఆ తర్వాత ఫైల్ మొత్తానికి చెందిన గ్లోబల్ పేర్లలో, అక్కడా లేకపోతే తనతో పాటు వచ్చిన బిల్టిన్ పేర్లలో చూస్తుంది. సమ్, లిస్ట్, మాక్స్, ఇన్‌పుట్ ఉండేది ఈ చివరి వరసలో. మీ సున్నా గ్లోబల్‌లో ముందే దొరికింది కాబట్టి అసలు సమ్ దాకా పోలేదు. సున్నా పక్కన బ్రాకెట్లు పెట్టి కాల్ చేస్తే ఏం చేస్తుంది పాపం!

సెల్‌లోంచి లైన్ తీసేసినంత మాత్రాన నోట్‌బుక్ మెమరీలోంచి పేరు పోదు. డెల్ సమ్ అని ఒకసారి నడపండి, లేదా రన్‌టైమ్ రీస్టార్ట్ చేయండి. ఇకమీదట ఆ పేర్లు వాడుకోకండి.

పైథాన్‌లో ఫంక్షన్ పేరు రాసి బ్రాకెట్లు మర్చిపోతే ఎర్రర్ రావడం లేదు, పనీ జరగడం లేదు. ఇదేం భాషండీ?
– జావా నుంచి మారుతున్న ఉద్యోగి, హైదరాబాద్

పైథాన్‌లో ఫంక్షన్ కూడా ఒక విలువే. పేరు ఒక్కటే రాస్తే ఆ విలువను చూపించినట్టు, బ్రాకెట్లు పెడితే పని చేయించినట్టు. ప్రింట్ చేస్తే ఫంక్షన్ పేరూ, పక్కన మెమరీ చిరునామా కనిపించాయంటే బ్రాకెట్లు మర్చిపోయినట్టే లెక్క. ఇఫ్ పక్కన మర్చిపోతే మాత్రం అసలు తంటా. ‘ఇఫ్ చెల్లిందా:’ అని రాశారనుకోండి, ఫంక్షన్ ఎప్పుడూ నిజం కిందకే వస్తుంది కాబట్టి డబ్బు కట్టనివాళ్లకు కూడా రసీదు వెళ్తుంది.

పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్‌లో బటన్ దగ్గర దీనికి రివర్స్. ‘కమాండ్=సేవ్()’ అని రాస్తే నొక్కకముందే, స్క్రీన్ వచ్చేలోపే ఒకసారి సేవ్ అయిపోతుంది, తర్వాత ఎంత నొక్కినా ఏమీ జరగదు. అక్కడ బ్రాకెట్లు లేకుండా ‘కమాండ్=సేవ్’ అనే రాయాలి. పాత పుస్తకం చూసి బ్రాకెట్లు లేకుండా ప్రింట్ రాసేవాళ్లది వేరే కథ. 2008లో వచ్చిన పైథాన్ 3.0 దగ్గర్నుంచి ప్రింట్ కూడా మామూలు ఫంక్షనే.

లూప్ పెట్టి 1 నుంచి 5 వరకు బటన్లు చేశాను. ఏది నొక్కినా 5 అనే చూపిస్తోంది.
– ఇంటర్ విద్యార్థి, తిరుపతి

మీరు ‘కమాండ్=లాంబ్డా: చూపు(నంబర్)’ అని రాశారు. లాంబ్డా అంటే పేరు లేని చిన్న ఫంక్షన్. సి, జావాల్లో ఉన్నట్టు పైథాన్‌లో ఫర్ లూప్‌కు సొంత స్కోప్, అంటే పేర్లు చెల్లే సొంత పరిధి ఉండదు. అయిదు లాంబ్డాలూ ఒకే ‘నంబర్’ను చూస్తున్నాయి. చూసేది కూడా తయారైనప్పుడు కాదు, మీరు బటన్ నొక్కినప్పుడు. అప్పటికి లూప్ అయిపోయి అందులో 5 ఉంది. జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌ను వార్ అనే మాటతో ప్రకటించేవాళ్లను కూడా ఏళ్ల తరబడి ఇదే ఏడిపించింది. 2015లో లెట్ వచ్చాకే ఆ బాధ తీరింది.

‘లాంబ్డా నంబర్=నంబర్: చూపు(నంబర్)’ అని మార్చండి. పారామీటర్‌కు ఇచ్చే డిఫాల్ట్ విలువను పైథాన్ ఫంక్షన్ తయారయ్యేటప్పుడే, ఒకే ఒక్కసారి లెక్కగట్టి దాచుకుంటుంది. కాబట్టి ఏ బటన్ నంబర్ ఆ బటన్ దగ్గరే ఉంటుంది.

మీకు మేలు చేసిన ఈ నియమమే ఇంకోచోట కొంప ముంచుతుంది. ‘డెఫ్ చేర్చు(వస్తువు, బుట్ట=[]):’ అని రాసి లోపల బుట్టలో అపెండ్ చేశారనుకోండి. మొదటి కస్టమర్ ఇడ్లీ చేర్చాడు. రెండో కస్టమర్ దోసె చేర్చి బుట్ట చూసుకుంటే అందులో ఇడ్లీ కూడా ఉంటుంది. ఖాళీ లిస్టు ఒక్కసారే తయారైంది, బుట్ట ఇవ్వని వాళ్లందరికీ అదే. డిఫాల్ట్‌గా నన్ (ఏమీ లేదని చెప్పే విలువ) పెట్టి, లోపల ‘ఇఫ్ బుట్ట ఈజ్ నన్’ అని చూసి అప్పుడు కొత్త లిస్టు ఇవ్వండి. ఇంటర్వ్యూల్లో అడగడానికి చాలామందికి ఇష్టమైన ప్రశ్న ఇది. నాకైతే ఇది భాషలో ఉన్న లోపంలాగే కనిపిస్తుంది.

వేరియబుల్, ఫంక్షన్ పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చా?
– ప్రభుత్వ పాఠశాల టీచర్, ఖమ్మం

పెట్టుకోవచ్చు. 3.0 నుంచి ఆ వీలుంది. పై కోడ్‌లోని మొత్తం, కలుపు, ధర, బుట్ట ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి, కీవర్డ్‌లు మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి. తెలుగు అంకెలతో ఇంకో తమాషా ఉంది. కొటేషన్లలో ౧౨ అని రాసి ఇంట్‌కు ఇస్తే చక్కగా 12 అంటుంది. కోడ్‌లో నేరుగా ౧౨ అంటే మాత్రం ఒప్పుకోదు.

చిక్కంతా ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలతో. ‘వే’ ముందు అక్షరం కింద వత్తుగా మారకుండా విడిగా కనిపించడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడుతుంది. దాని యూనికోడ్ నంబర్ 200సి. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు, అచ్చు కాని అక్షరం ఉందంటూ ఆ నంబర్‌తో సహా ఎర్రర్ ఇస్తుంది. స్క్రీన్ మీద ఎంత వెతికినా తప్పు కనబడదు, పిల్లలకు టెన్షన్. అలాంటి మాటల్ని అండర్‌స్కోర్‌తో విడదీసి సాఫ్ట్_వేర్ అని పెట్టించండి. వెబ్ పేజీ నుంచో, వాట్సాప్ నుంచో పేస్ట్ చేసిన పేరు మొరాయిస్తే మాత్రం దాన్ని చెరిపేసి చేత్తో మళ్లీ కొట్టమనండి.