కారం ఒకటే, జాడీలు రెండు

ప్రశ్న: టీచరమ్మ గారూ, మాది హనుమకొండ. 14 ఏళ్లుగా అత్తమ్మ మా దగ్గరే ఉంటున్నారు. మందులు, కంటి ఆపరేషను, రాత్రిపూట కాళ్లు పట్టడం అన్నీ నేనే చూసుకుంటాను. మరిది బెంగళూరులో ఉంటాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ప్రతి ఎండాకాలం అత్తమ్మ చపాటా మిరపకాయలు ఏరి, తొడిమలు తీయించి, గిర్నిలో పట్టించి మామిడికాయ తొక్కు పెడతారు. కొత్త జాడీ, పైన తెల్లగుడ్డతో వాసెన, అది మరిదికి. బేసిన్‌లో మిగిలింది మాకు. ఈసారి ఏడుపొచ్చింది. మావారితో అంటే "తొక్కు కోసం పంచాయితీ ఏమిటి" అన్నారు. నాది చిన్నబుద్ధా?
- ఒక కోడలు

జవాబు: కాదమ్మా. చపాటా సంగతి వరంగల్ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఎరుపు ఎక్కువ, మంట తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి కారం ఎవరి జాడీలోకి ఎంత పోయిందో వంటింట్లో ఉన్నవాళ్లకు చూడకుండానే తెలుస్తుంది. నాకూ తెలిసేది.

మా తమ్ముడు దుబాయికి వెళ్లినప్పుడు, వాడు క్షేమంగా తిరిగొస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని అమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లమే కదా. జాతర రెండేళ్లకోసారి. వాడు సరిగ్గా ఆ మాఘమాసానికే దిగాడు. బెల్లం దుకాణంలో పెద్ద కాంటా. ఒక పళ్లెంలో వాడు కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు, రెండోదాంట్లో దుకాణదారు ముద్దలు పేరుస్తూ పోయాడు. ముల్లు మధ్యకు రావడానికి చివర్లో ఒక చిన్న ముక్క పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. 62 కిలోలు. ఆ డబ్బు నా జీతంలోది. నోట్లు లెక్కపెట్టి ఇస్తూ, నవ్వుతూనే అడిగాను: "అమ్మా, నన్నెప్పుడు తూకం వేయిస్తావు?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "నువ్వెక్కడికి పోయావని?"

బస్సులో ఆ బెల్లం బస్తా నా కాళ్ల దగ్గరే పెట్టారు. మేడారం దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత నాకు ఏటూరునాగారం బదిలీ అయింది. దసరా సెలవులు ముగిసి బస్సెక్కబోతుంటే అమ్మ వెనకాలే వచ్చి స్టీలు డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. సద్దుల బతుకమ్మకు చేసిన నువ్వుల సత్తు, పల్లీల సత్తు. మూత ఊడకుండా పాత చీర అంచు చుట్టి రెండు ముళ్లు వేసింది. ముప్పై ఏళ్లు నిండేదాకా అమ్మ నాకు డబ్బా కట్టిన గుర్తు లేదు. ఇంట్లో ఉన్నదాన్ని, గిన్నెలోంచే తినేదాన్ని. మూటలు ఊరు విడిచి పోయేవాళ్లకే కడతారు.

అలాగని మీ అత్తమ్మను వెనకేసుకు రావడం లేదు. మా అమ్మనే నేను పూర్తిగా క్షమించానని చెప్పలేను. (మా తమ్ముడు చాలా ఏళ్లకు ఒప్పుకున్నాడు, అమ్మ పంపిన తొక్కులో సగం గదిలోని వాళ్లే లాగించేవారట.)

వచ్చే వేసవికి ఒక పని చేయండి. కాయలు కొట్టకముందే మీ జాడీ కడిగి, ఎండలో పెట్టి, ఆవిడ ముందుకు తీసుకెళ్లండి. "అత్తమ్మా, ముందు ఇది నింపండి, ఇది మాది" అనండి. మూతి ముడవకుండా అనాలి సుమా. వాసెన కూడా ఆవిడ చేతనే కట్టించుకోండి.

ఇక మీవారు. పంచాయితీ ఏమిటన్న ఆ మనిషీ ఆవిడ కడుపున పుట్టినవాడే. 14 ఏళ్లుగా అతనికీ జాడీ రాలేదు. ఒక రాత్రి నెమ్మదిగా ఆ మాట ఎత్తి చూడండి.

ప్రశ్న: మా నాన్న రైల్వేలో పనిచేసి విరమణ పొందారు. ఇప్పటికీ రోజూ సాయంత్రం కాజీపేట స్టేషనుకు వెళ్లి కూర్చుంటారు. ఎవరినీ కలవరు, ఎక్కడికీ వెళ్లరు. నలుగురూ ఏమనుకుంటారోనని భయం. ఎలా మాన్పించాలి?
- ఒక కొడుకు

జవాబు: ఎందుకు మాన్పించడం? ఢిల్లీ వైపు, విజయవాడ వైపు పట్టాలు విడిపోయే జంక్షన్ అది. ఇంట్లో టీవీ కన్నా చూడటానికి అక్కడే ఎక్కువ ఉంటుంది. ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. రోజూ ఆ పది రూపాయలు చిల్లర మీరే ఆయన చొక్కా జేబులో వేయండి. రెండు గంటలు దాటినా రాకపోతే వెళ్లి పక్కన కూర్చోండి, ఏ బండి ఆలస్యమైందో ఆయనే చెబుతారు.