‘అజిస్ట్‌మెంట్’ కౌలు కాదు, కానీ గొర్రెల పూచీ మీదే

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా అబ్బాయి ఇంటితోపాటు నాలుగెకరాల పచ్చిక కొన్నాడు. పక్క రైతు తన పన్నెండు గొర్రెలను అందులో మేపమని, గొర్రెకు వారానికింత ఇస్తానని కాగితం తెచ్చాడు. పైన ‘అజిస్ట్‌మెంట్’ అని ఉంది. సంతకం పెడితే భూమి మీద అతనికి హక్కు వస్తుందా?

జవాబు: పాత ఫ్రెంచిలో ‘బస’ అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది ఇది. రాజుగారి అడవుల్లోకి పరాయి పశువులను మేతకు వదిలి రుసుము వసూలు చేయడాన్ని మొదట్లో అలా అనేవారు. మన పుల్లరి లాంటిదే, 1921-22లో పల్నాడు రైతులు కట్టేది లేదన్నది. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ అనే పాత రాజుగారి అడవిలో, మేత పశువులను చూసుకునే అజిస్టర్లు ఇప్పటికీ ఉన్నారు. రుసుము కట్టిన గుర్రానికి తోక వెంట్రుకలు ఒక్కో అజిస్టర్ ఒక్కో తీరున కత్తిరిస్తాడు.

మీ కాగితంలో దాని అర్థం, డబ్బు పుచ్చుకుని ఎదుటివారి పశువులను మీ నేలలో మేపి, కనిపెట్టుకుని, తిరిగి అప్పగించడం. ఇలా ఎదుటివారి సొత్తును నమ్మకంగా ఉంచుకుని తిరిగివ్వడాన్ని చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. గొర్రెలు మీ చేతికొస్తాయి, భూమి అతని చేతికి పోదు. అయితే పైన ఏ పేరు రాసినా కోర్టు లోపలి సంగతే చూస్తుంది. గేటు తాళం అతని దగ్గరే ఉండి, ఏడాది పొడవునా మిమ్మల్ని అడుగు పెట్టనివ్వకపోతే అది కౌలే అవుతుంది. తాళం మీరే ఉంచుకోండి, మొదలు, ముగింపు తేదీలు రాయించండి.

అసలు బరువు పూచీలో ఉంది. కంచె సందులోంచి గొర్రె రోడ్డెక్కినా, గట్టున కొట్టి పడేసిన యూ అనే చెట్టు కొమ్మ తిని చచ్చినా (గొర్రెకది విషం), మీ అశ్రద్ధ లేదని మీరే చూపాలి. రోజూ ఎవరు లెక్క చూడాలి, డాక్టరు ఖర్చు ఎవరిది అన్నవి కాగితంలో ఉండాలి.

చాలామంది పొరబడేది బాకీ దగ్గర. డబ్బు ఇవ్వకపోతే గొర్రెలను కట్టేసుకోవచ్చనుకుంటారు. కుదరదు. మేపడం వల్ల పశువు ‘మెరుగుపడలేదు’ కాబట్టి దాన్ని పట్టి ఉంచే హక్కు లేదని 1839లోనే జాక్సన్ వర్సెస్ కమిన్స్ కేసులో తేల్చారు. వాదన వింతగా తోచినా నియమం అదే. అందుకే బాకీ తీరేదాకా ఆపుకునే హక్కును షరతుగా రాయించి, నెల డబ్బు ముందే తీసుకోండి. అతను తీసుకుపోకుండా వదిలేస్తే, ఎదుటివారి సొత్తు విషయాలు చూసే అక్కడి 1977 చట్టం (టార్ట్స్ (ఇంటర్‌ఫియరెన్స్ విత్ గూడ్స్) యాక్ట్) కింద అమ్మవచ్చు, కానీ బాకీ ఉన్నప్పుడు మూడు నెలల నోటీసు తప్పదు.

ఈనిన పిల్లలూ అతనివే. పాలుకిచ్చినట్టు సగం రాదు. మన 1872 కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్‌లోనూ ఆవుతోపాటు దూడనూ అప్పగించాలనే ఉదాహరణ ఉంది.

ఇంకొకటి, ఒక్క గొర్రె దిగాలన్నా ఆ నేలకు సీపీహెచ్ నంబరు (పశువులుంచే స్థలానికి ప్రభుత్వమిచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి, దిగిన మూడు రోజుల్లోపు రాకను నమోదు చేయాలి. నంబరు చేతికొచ్చాకే గేటు తీయమనండి.