ఏటి ఒడ్డు పెంకుపురుగుల్ని చూడాలంటే

అమ్మలూ,

ఏటి ఒడ్డున పరిగెత్తే చిన్న నేల పెంకుపురుగుల్ని చూడ్డం మొదలుపెట్టానని రాశావు, చదివి ఎంత సంతోషమేసిందో. పేర్లు ఎలా పోల్చుకోవాలని అడిగావు కదా, పేర్లకి తొందర లేదు తల్లీ, ముందు చోటు చూడ్డం అలవాటు చేసుకో. ఈ పురుగుల్లో ఒక్క బెంబిడియాన్ అనే ప్రజాతిలోనే 1200కి పైగా రకాలున్నాయి, అన్నీ 2 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్యే, చాలావాటికి అదే నల్లటి కంచు మెరుపు. కానీ ఒకటి తడి గులకరాళ్ల సందుల్లోనే ఉంటుంది, ఇంకోటి మెత్తటి ఒండ్రులో, మరోటి నీటికి కాస్త ఎడంగా ఇసుకలో. అందుకే పురుగు కనిపించగానే నీళ్లకి ఎన్ని జానల దూరం, నేల ఎలాంటిది, ఎండా నీడా అన్నీ రాసుకో. నేను మొదట్లో పేర్లే రాసి చోటు వదిలేశాను, తర్వాత కొన్ని పేర్లు తప్పని తేలాక ఆ పేజీలు ఎందుకూ పనికిరాలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఎండగా ఉన్న రోజు వెళ్లి ఒకచోట కూర్చో, దోసిలితో ఒడ్డు మీద నీళ్లు చల్లి రెండు నిమిషాలు కదలకుండా చూడు. పగుళ్లలోంచి, రాళ్ల కిందనుంచి బయటికొచ్చి పైకి పరిగెడతాయి. వేళ్లతో పట్టుకోకు, నలిగిపోతాయి, నోటితో గాలి పీల్చి పట్టే ఆస్పిరేటర్ వాడు. ఒక్కో ట్యూబులో ఒక్కదాన్నే ఉంచు, తడి కాగితం ముక్క వెయ్యి, ఇవి వేటాడే జీవాలు కాబట్టి కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి.

భూతద్దం కింద నోటి దగ్గరున్న స్పర్శాంగాలు చూడు, చివరి ముక్క సూదిమొనలా సన్నగా చిన్నగా ఉంటే అది బెంబిడియాన్ వర్గానిదని అనుకోవచ్చు. కాసేపు ఓపిక పడితే ఇంకో తమాషా కూడా కనిపిస్తుంది, పురుగు తన మీసాన్ని ముందుకాలి లోపలి గాడిలో పెట్టి మొదలు నుంచి చివరిదాకా లాగి తుడుచుకుంటుంది, ఒకటయ్యాక రెండోది. నేల పెంకుపురుగులన్నిటికీ దాదాపు ఆ గాడి ఉంటుంది గానీ ఇంత చిన్నదాంట్లో చూస్తే కళ్లు తిప్పుకోలేం.

పొలాల్లో కూడా వెతుకు. బెంబిడియాన్ లాంప్రోస్ అనే రకం క్యాబేజీ వేళ్లని పాడుచేసే ఈగ గుడ్లని తింటుంది, ఎంత మేలు చేస్తుందో చూడు. ఈ పెంకుపురుగుల లార్వాలు మట్టిలోనే ఉంటాయి, అవీ వేటగాళ్లే, ప్యూపా దశ కూడా మట్టిలోనే, కాబట్టి ఒడ్డంతా తవ్వెయ్యకు, ఎత్తిన రాయిని ఎలా ఉందో అలాగే బోర్లించి పెట్టు.

పురుగుని పాడవకుండా దాచే స్పిరిట్ సీసాలో వేసే లేబుల్ పెన్నుతో రాయకు, సిరా కరిగిపోతుంది, పెన్సిలే. మొదటి పేజీ రాయగానే ఫొటో తీసి నాకు పంపు, నీళ్లకి ఎంత దూరమో రాశావో లేదో ముందు అదే చూస్తాను.

మీ పెద్దనాన్న