మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నారు, గడ్డ మాత్రం తగులుతోంది!

ప్రశ్న: నా వయసు 37. మాది గుంటూరు. నెల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. మామోగ్రామ్ తీస్తే ఏమీ లేదన్నారు. విజయవాడ వెళ్లి ఎమ్మారై తీయించుకోమని మా ఆడపడుచు అంటోంది. పరీక్ష కోసం గడ్డకు సూది గుచ్చితే జబ్బు పాకుతుందని అత్తయ్య భయపడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: చేతికి గడ్డ తగులుతున్నప్పుడు మామోగ్రామ్ బాగుందని ఊరుకోకూడదమ్మా. రిపోర్టు మరోసారి చూడండి, 'డెన్స్ బ్రెస్ట్' అని రాసి ఉండొచ్చు. మీ వయసులో చాలామందికి రొమ్ములో గ్రంథి కణజాలం ఎక్కువగా ఉంటుంది. మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రేనే. అందులో అదీ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. అందుకే ఒక్కోసారి దొరకదు.

మీకు ఇప్పుడు కావాల్సింది అల్ట్రాసౌండ్. గడ్డ ఎక్కడ తగులుతోందో స్కాన్ చేసే డాక్టరుకు మీ వేలితోనే చూపించండి. సరిగ్గా అక్కడే ప్రోబ్ (స్కాన్ చేసే పరికరం) పెడతారు. నీటితిత్తి అయితే నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. గట్టి గడ్డ అయితే అంచులు చూస్తారు. నునుపుగా, అడ్డంగా ఉంటే చాలావరకు ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. అంచులు గరుకుగా ఉండి, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువుంటే అనుమానించాలి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు కాబట్టి 30 ఏళ్లలోపు వారికీ, గర్భిణులకూ ముందు ఇదే చేస్తాం. అలాగని మీ మామోగ్రామ్ వృథా కాలేదు. ఇసుక రేణువుల్లాంటి కాల్షియం చుక్కలను అదే బాగా పట్టిస్తుంది.

ఎమ్మారై ఖరీదైనది కాబట్టి గొప్పదనుకోవద్దు. అది చాలా సూక్ష్మంగా చూపిస్తుంది, నిజమే. కానీ హాని లేని మచ్చలను కూడా అనుమానంగా చూపించి, లేనిపోని కంగారు పెడుతుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికి, క్యాన్సర్ తేలాక ఎంతవరకు వ్యాపించిందో చూడాల్సిన కొందరికి అది అవసరం. మీ అమ్మగారికి గానీ, అక్కచెల్లెళ్లకు గానీ రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

అల్ట్రాసౌండ్ రిపోర్టులో బైరాడ్స్ అంకె చూడండి. గడ్డను ఎంత అనుమానించాలో అది చెబుతుంది. 3 అయితే సాధారణంగా 6 నెలలకు మళ్లీ స్కాన్. 4 లేదా 5 అయితే బయాప్సీ (ముక్క పరీక్ష) చేయించాల్సిందే. స్కాన్ బాగున్నా, చేత్తో చూసిన సర్జన్‌కు అనుమానం తీరకపోతే అప్పుడూ అవసరమే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూదితో చిన్న ముక్క తీస్తారు. దానివల్ల జబ్బు ఒళ్లంతా పాకదని అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి.

ఈ వారంలోనే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) సర్జరీ ఓపీలోనైనా, మీకు తెలిసిన సర్జన్‌ దగ్గరైనా చూపించుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా మామోగ్రామ్ ఫిల్ములు కూడా తీసుకెళ్లండి.