టెక్ సందేహాలు: మూకీ సినిమాలో అందరిదీ పరుగు నడకేనా?

ప్రశ్న: 1925 నాటి ‘టంబుల్‌వీడ్స్’ అనే మూకీ కౌబాయ్ సినిమా డౌన్‌లోడ్ చేశాను. మొదట్లో ఓ పెద్దాయన మాట్లాడేది బాగానే ఉంది. అసలు కథ మొదలయ్యాక అందరూ గబగబా నడుస్తున్నారు. ఫైలు పాడైందా? దీనికి తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చా?

జవాబు: ఫైలు బాగానే ఉంది. మీకు దొరికింది 1939లో మళ్లీ విడుదలైన ప్రింటు. ఆ పెద్దాయన హీరో విలియం ఎస్. హార్టే. దాదాపు 8 నిమిషాల ఆ ముందుమాటను అప్పుడే తీసి కలిపారు. టంబుల్‌వీడ్ అంటే గాలికి దొర్లుకుంటూ పోయే ఎండు మొక్క. ఊరూ ఇల్లూ లేకుండా తిరిగే కౌబాయ్‌లకు ఇందులో అదే పేరు.

ఈ 1939 ప్రింటులా ధ్వని ఉన్న ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములతో (అంటే 24 బొమ్మలతో) నడుస్తుంది. మూకీల కాలంలో కెమెరా హ్యాండిల్‌ను చేత్తో తిప్పేవారు కాబట్టి 16 నుంచి 24 దాకా ఎంతైనా ఉండేది. 20తో తీసినదాన్ని 24తో ఆడిస్తే 1.2 రెట్లు వేగం వస్తుంది. అంటే వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో స్పీడు 0.83 పెట్టాలి. 18తో తీసినదైతే 0.75.

[ కీ నొక్కితే 0.1 చొప్పున తగ్గుతుంది, ] నొక్కితే పెరుగుతుంది, = నొక్కితే మామూలు స్పీడు. కచ్చితంగా 0.83 కావాలంటే వ్యూ మెనూలో స్టేటస్ బార్ ఆన్ చేసి, కింద కుడి మూలన కనిపించే 1.00 మీద క్లిక్ చేయండి, స్లైడర్ వస్తుంది.

ఏ అంకె సరైనదో మామూలుగా నడిచే సీన్ చూసి తేల్చుకోండి. 1893 సెప్టెంబరు 16న అమెరికాలోని చెరోకీ స్ట్రిప్ భూముల కోసం జనం గుర్రాల మీద, బళ్ల మీద దూసుకెళ్లిన ఘట్టం ఇందులో ఉంది. దాన్ని మాత్రం కొలబద్దగా పెట్టుకోకండి. ఇలాంటి పరుగు సీన్లలో తెరమీద వేగం పెరగాలని హ్యాండిల్‌ను కావాలనే నెమ్మదిగా తిప్పడం అప్పట్లో మామూలే.

చిక్కల్లా ముందుమాట దగ్గరే. దాన్ని 1.00లోనే ఉంచాలి, లేదంటే హార్ట్ నత్తనడకన మాట్లాడతాడు. కథ మొదలయ్యాకే తగ్గించండి. శ్రుతి మారకుండా వీఎల్‌సీ చూసుకుంటుంది కానీ సంగీతం సాగిపోతుంది. నేనైతే 0.9 దాటి కిందికి పోను, లేదా ఎమ్ కీతో మ్యూట్ చేస్తాను.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో చూడాలంటే షాట్‌కట్ అనే వీడియో ఎడిటర్ వాడండి, ఉచితమే. ముందుమాట ముగిసేచోట ఎస్ కీతో క్లిప్‌ను రెండు చేసి, రెండో ముక్క ప్రాపర్టీస్‌లో స్పీడు మార్చి ఎక్స్‌పోర్ట్ చేయండి.

సబ్‌టైటిల్స్ ఆ తర్వాతే. ముందే చేసుకుంటే కథ మొదలైన దగ్గర్నుంచి టైమింగులన్నీ తప్పుతాయి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ప్రోగ్రాంలో, టైటిల్ కార్డు (మాటలు రాసి చూపే తెర) పడినప్పటి నుంచి పోయేదాకా ఒక్కో వరుస పెట్టి, ఎస్‌ఆర్‌టీ ఫైలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. వీడియో పేరే దీనికీ పెట్టి, రెండూ ఒకే ఫోల్డర్లో ఉంచండి. తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్ ఫాంట్‌ను విండోస్‌లో ఉండే నిర్మల యూఐకి మార్చండి. వత్తులు విడిపోతుంటే మీది పాత వీఎల్‌సీ, 3 లేదా ఆపై వెర్షన్ వేసుకోండి.